దేవుని అర్రల బర్రె బిళ్ల

ఇయ్యాల పొద్దుగాల మా చిన్నకోడలు స్వప్న దేవుని అర్రల ఉన్న ఇత్తడి సామానంత తెచ్చి వాకిట్ల పోసుకొని చింతపండుతోని తోముతున్నది. పండుగ లేదు, పబ్బం లేదు, శుక్రవారం గూడ గాదు. నేను అరుగు మీద కూసొని చాయ తాగుకుంట చూస్తున్న. పూజ గంట తోమింది, దీపపు కుందులు తోమింది. ఆఖరికి రూపాయి బిళ్లంత ఉన్నదాన్ని వేళ్ల నడుమ పట్టుకొని ఎండకు తిప్పి తిప్పి చూసింది. "మామా, గిది ఏ దేవునిది? మొకం లేదు, చేతులు లేవు, ఉత్త అంకెలున్నయి" అన్నది.

"గది మా తాతకు నిజాం సర్కారు ఇచ్చిన బహుమానం బిడ్డా. కుస్తీల ఒక్క చేత్తోని పది మందిని..." అని మొదలువెట్టిన. లోపల్నుంచి నా పెండ్లాం సత్తెమ్మ దగ్గింది. ఇన్నేండ్ల కాపురంల ఆమె దగ్గులకు అర్థాలు నాకు మంచిగ ఎర్క. ఈ దగ్గుకు 'జర తక్కువ జెయ్యి' అని అర్థం. తక్కువ చేసిన. "మా తాతకు కుస్తీ రాదు. గది బర్రె చెవు బిళ్ల" అన్న.

వేరే రోజైతె స్వప్న కడుపు పట్టుకొని నవ్వేది. ఇయ్యాల నవ్వలే. ఫోను చూస్తది, బోర్లా పెడతది, మళ్ల తోముతది. సంగతేందంటె, ఆమె ఉన్న లోను గ్రూపుల జాకిట్లు కుట్టే పిల్ల ఒకామె ఉన్నది, మా ఎనుక గల్లీలనే. ఆమె కొన్ని వారాల సంది కిస్తు కడతలేదు. వసూలుకొచ్చే పిలగాడు తక్కినోళ్లందరికి ఫోను చేసి, ఇయ్యాల పదకొండింటికి పోయి ఆమె గడప ముంగట కూసోండ్రి, కట్టేదాక లేవొద్దు, లేస్తె మీ లోన్లు ఆగుతయి అన్నడంట. స్వప్నకు బ్యూటీపార్లరు పెట్టుకునే లోను రావాల్సి ఉన్నది. గందుకే ఈ తోముడు. మనసు ఆగకపోతె చేతులకు పని చెప్పుడు మా అమ్మకు గూడ అలవాటే.

"బర్రె బిళ్లకు కుంకుమెందుకు పెడుతున్రు మామా?" అని అడిగింది, నా దిక్కు చూడకుంటనే. గడియారం దిక్కు చూసిన. ఆమె పోయేదానికి ఇంకా వక్తు ఉన్నది. చెప్పుకుంట పోయిన. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న. దగ్గు ఇనపడ్డ కాడల్ల సరిచేసిన.

అప్పట్ల గూడ గీ మొఘల్‌పుర ఇంట్లనే ఉంటిమి. ముంగట అర్ర, ఎనుక అర్ర, దాని ఎనుక వాకిలి, వాకిలి అంచుకు బర్రె కొట్టం. ఇప్పుడు బట్టలుతికే మిషను పెట్టిన జాగల్నే కట్టుగుంజ ఉండె. మసీదుల అజాన్ ఇనపడంగనే మా అమ్మ లేచి పిడకల పొయ్యి రాజేస్తుండె. ఆ పొగ, పెండ, నానిన చెక్క, పొంగిన పాలు, అన్నీ కలిసి ఇంటికి ఒకటే వాసన. నేను బస్సు డిపోల టైర్లు మార్చే పనిల ఉంటి. నా ఒంటికేమో రబ్బరు వాసన. "మీ ఇంట్ల మనిషికంటె బర్రె వాసనే నయం" అని కొత్తల సత్తెమ్మ ముక్కు మూసుకుంటుండె.

మాది పాల వ్యాపారం చేసే గొల్లోళ్ల ఇల్లు. నా చిన్నప్పుడు కొట్టం నిండ బర్లుండె. మా బాపు జబ్బు పడి ఒక్కొక్కటే అమ్ముడువోయినయి. కొన్నోడు తోలుకపోయే ముందు బర్రె పిర్ర మీద ఎర్రరంగు ముద్ర ఏస్తడు. ముద్ర పడ్డదంటె పరాయిదైనట్టు. ఆ ముద్రలన్నీ మా అమ్మ ఈ వాకిట్ల నిలవడి చూసింది. బాపు పోయినంక గూడ ఉత్త కొట్టాన్ని రోజూ ఊడ్చేది. "ఎందుకే అమ్మా, అండ్ల పిల్లి గూడ లేదు" అంటె, "అలవాటు పోతె మళ్ల రాదు బిడ్డా" అనేది.

గా రోజులల్ల ఒక సంఘపోళ్లు గల్లీ గల్లీ తిరిగి ఆడోళ్లను ఐదుగురు ఐదుగురిని జమ చేసిన్రు. బ్యాంకు అప్పిస్తది, బర్రెను కొనుక్కోండ్రి, ఇంటి కాగితాలొద్దు, ఒకరికొకరు జామీను ఉంటె చాలు. ముందుగాల ఇద్దరికి, వాళ్లు నాగా లేకుంట కడితె తర్వాత ముగ్గురికి. సత్తెమ్మ పేరు ముందు వచ్చింది. మరియమ్మ వరుస ఎనుక ముగ్గురిల ఉండె. మరియమ్మ దబీర్‌పుర స్టేషను కాడ ఉండేది, పెనిమిటి రైలు పట్టాల పని చేసేటోడు. ఆమె పరాయోళ్ల కాడ పాలు కొని, ఇంటింటికి తిరిగి అమ్మేది. సొంత బర్రె అంటె ఆమెకు ఎంత ఆశంటె, రాకముందే పేరు పెట్టుకున్నది. ఎవ్వరికి చెప్పకపోయేది.

బ్యాంకు మేనేజరు నన్ను చూసి కుర్సీల నుంచి లేచి చేయి కలిపిండని డిపోల చెప్పుకున్న. (దగ్గు.) ఆయన నా దిక్కు చూడనేలే. "సత్తెమ్మ ఎవరు?" అన్నడు. "నేను ఆమె మొగన్ని సార్" అన్న. "అయితె బయట కూసో" అన్నడు.

అప్పుకు ముందు శిక్షణ. నయాపూల్ దాటి పోతె ఒక పశువుల దవాఖాన, దాని ఎనుక రేకుల షెడ్డు. డాక్టరమ్మ ఒకామె చెప్పేది. బర్రెను పట్టుకొని పుట్టిన కులం మాది, మాకు శిక్షణేందని మా పెద్దబాపు మీసాలు దువ్విండు. మా బాపుకు అన్న ఆయన. పక్క గల్లీల మంద ఉన్న మనిషి, ఆయన మాటంటె మాకు రాతి మీద గీత. నేను గూడ నవ్విన. కాని ఓ దినం డ్యూటీ ఎగ్గొట్టి పోయి రేకుల సందుల నుంచి తొంగి చూసిన. కడుపుబ్బరం వచ్చిన బర్రె ఆ దినం దవాఖానల ఎక్కడ దొరకలేదో ఏమో, మరియమ్మనే బర్రెను చేసిన్రు. ఆమె వీపు మీద గోనెసంచి కప్పుకొని, మోకాళ్ల మీద వంగి, మెడ ఊపుకుంట "అంబే" అంటున్నది. తక్కిన నలుగురు చుట్టు చేరి ఆమె డొక్క రుద్దుతుంటె, "ఓ సత్తెమ్మా, కితకితలే! బర్రె నవ్వదు గని నేను నవ్వుతున్ననే!" అని కూలవడ్డది. డాక్టరమ్మ గూడ నవ్వి, మళ్ల గొంతు గట్టిగ చేసి, "కడుపు ఉబ్బితె పరేషాన్ గావొద్దు. పరేషాన్ అయినా చేతులు ఆపొద్దు" అన్నది.

బర్రె వచ్చింది. బొగ్గు లెక్క నల్లగుండె. మా అమ్మ మోతీ అని పేరు పెట్టింది. బీమాయన వచ్చి చెవుకు బిళ్ల గుచ్చిండు. రెండు చుక్కల నెత్తురు కారితె మా అమ్మ కొంగుతోని అద్దింది. ఆయన చెప్పింది ఒకటే మాట: బిళ్ల చెవుకు ఉంటెనే బీమా. బర్రె చస్తె బిళ్లతోని సహా చెవు తెచ్చి చూపాలె. బిళ్ల ఊడిందంటె బర్రె ఎవరిదో మాకు ఎర్కలేదు, పైస రాదు.

పాలు చౌరస్తల ఉన్న ఇరానీ హోటలుకు పోస్తుంటిమి. పిండేది సత్తెమ్మ, మేపేది సత్తెమ్మ, మోసేది సత్తెమ్మ. పైసలు మాత్రం సేటు నా చేతికిచ్చేది. పరాయి ఆడమనిషి మొకం చూసి మాట్లాడుడు ఆయనకు అదబ్ గాదు, మర్యాద తప్పినట్టు. గోడ దిక్కు మొకం పెట్టి, "మల్లేశ్ భాయ్ కో భేజో, అమ్మా" అనేది. నేను పోయి తెచ్చేది. దార్ల ఒక చాయ, రెండు బిస్కెట్లు, శుక్రవారమైతె సినిమా. మిగిలింది ఇంటికి. సత్తెమ్మ ఏమనకపోయేది. అప్పటికింక దగ్గు నేర్వలే.

దీపావళి వచ్చింది. అన్నదమ్ములకు హారతి ఇయ్యనీకె సత్తెమ్మ తల్లిగారింటికి పోయింది. సదర్ నాడు మధ్యాన్నం తిరిగి వచ్చింది. సదర్ అంటె మా పాలోళ్ల పండుగ. దున్నపోతులను నూనె పెట్టి మెరిపించి, కొమ్ములకు రంగులేసి, మెడల పూలదండలు, గవ్వల పట్టీలు కట్టి, డప్పులతోని ఊరేగిస్తరు. "పండుగ దున్నపోతులకేనా? పాలిచ్చేది ఇంట్ల ఉండగ?" అని మా అమ్మ పొద్దుగాలనే మోతీని కడిగింది. ఆవనూనె పెట్టింది. మెడల గవ్వలు కట్టింది. అంత చేసినంక ఆమె కన్ను చెవు మీదికి పోయింది. ఇన్నేండ్లకు కొట్టం నిండింది, నిండిన బర్రె ఒంటి మీద మళ్ల పరాయోని ముద్ర. "మనింటి లచ్చిమికి బ్యాంకోని బిళ్లేంది" అని, పటకారు పట్టి కత్తిరించి, పారేయబుద్ధి గాక కడిగి కుంకుమ పెట్టి దేవుని అర్రల పెట్టింది. గంతటితో ఆగినా అయిపోతుండె. పక్కింట్ల లగ్గంల మిగిలిన అన్నం ఓ గంపెడు వస్తె, బెల్లం కలిపి మోతీకి పెట్టింది. "పండుగనాడు మనం బూరెలు తినుడు, అది ఎండుగడ్డి తినుడా?"

సత్తెమ్మ వాకిట్ల అడుగు పెట్టంగనే మోతీ నిలవడ్డ తీరు చూసింది. సంచి చేతులకెల్లి జారింది. ఎడమ డొక్క డోలు లెక్క లేచింది. నోట్లకెల్లి నురుగు. గవ్వల పట్టీ మెడకు బిగుసుకుంటున్నది. దగ్గరికి పోయి పట్టీ విప్పింది, విప్పుతుంటె చెవు కనవడ్డది. ఉత్త రంధ్రం.

"అత్తా, బిళ్ల ఏది?"

"దేవుని కాడ పెట్టిన బిడ్డా. ఏడికి పోతది?"

సత్తెమ్మ మొకం ఎట్లున్నదో నేను ఇప్పటికి చెప్పలేను. పెద్ద పెద్ద మాటలు వెతికిన, ఒక్కటి సరిపోలే. బర్రె పోతె బీమా రాదు. బీమా రాకపోతె అప్పు మా ఒక్కల మీద గాదు, ఐదుగురి మీద పడతది. మరియమ్మ బర్రె రాకముందే చచ్చినట్టు. మా అమ్మ మళ్ల ఉత్త కొట్టం ఊడ్చుకుంట కూసోవాలె.

గింతల మా పెద్దబాపు కొడవలి పట్టుకొని వచ్చిండు. పిడకల పొయ్యిల పెట్టి ఎర్రగ కాల్చిండు. "డొక్క మీద వాత పెడితె దిగుతది. దిగకపోతె రాత. ఒరేయ్ మల్లేశా, పోతె ఫికర్ చెయ్యకు. చెవు కోసి, ఆ బిళ్లను మళ్ల గుచ్చి పట్టుకపో. బ్యాంకోనికి ఏం ఎర్క?" అన్నడు. నిజం చెప్తున్న, నాకు ఆ మాట మస్తు నచ్చింది. గుండె జర తేలికైంది.

ఆయన ముంగట సత్తెమ్మ అప్పటిదాక నెత్తి మీది కొంగు తియ్యలే, గొంతు ఇప్పలే. ఆ దినం బర్రెకు, కొడవలికి నడుమ వచ్చి నిలవడ్డది. "పెద్దమామా, మీ కాళ్లు మొక్కుత. బర్రె నా పేరు మీద ఉన్నది. వాత పెట్టాల్నంటె నాకు పెట్టుర్రి" అన్నది.

పెద్దబాపు నా దిక్కు చూసిండు. నేను పొయ్యి దిక్కు చూసిన. ఆయన కొడవలి నేలకు కొట్టి, "ఇగ ఈ ఇంట్ల మొగోడు లేడు" అని పోయిండు.

సత్తెమ్మ నన్ను చూడకుంటనే చెప్పింది: "సైకిలు తియ్యి. ముందుగాల డాక్టరమ్మ కాడికి పో. రాంగ మరియమ్మకు చెప్పు."

"మరియమ్మకెందుకే? చెప్తె లొల్లి."

"లొల్లి గానీ. ఆమె ఏలిముద్ర నా ఏలిముద్ర కింద ఉన్నది."

నయాపూల్ దాక సైకిలు గాలి లెక్క కొట్టిన, పోలీసు చెయ్యెత్తినా ఆగలే, డాక్టరమ్మను ఎనుక కూసోవెట్టుకొని... (పెద్ద దగ్గు.) దవాఖానకు తాళం ఉండె. పండుగ సెలవు. కావలాయన ఊరికి పోయిండంట. నేను ఆ తాళం ముంగట జరసేపు నిలవడి, ఎదురుంగ ఉన్న బండి మీద చాయ తాగిన. దాహమై గాదు. ఉత్త చేతులతోని ఇంటికి పోవుడంటె భయమైంది. తర్వాత దబీర్‌పురకు తిరిగిన. మరియమ్మ పాల గిన్నెలు బోర్లిస్తున్నది. "మా మోతీకి కడుపు ఉబ్బింది" అన్న. బిళ్ల సంగతి నోట్ల దాక వచ్చింది, మింగిన. ఆమె జుట్టు ముడేసుకొని, ఇంక ముగ్గురిని పిలుచుకొని, నా కంటె ముంగట నడిచింది. నేను సైకిలు ఎక్కకుంట, తోసుకుంట, బాగ ఎనుక వచ్చిన.

వాళ్లు వాకిట్లకు రాంగనే, అడుగకముందే సత్తెమ్మ చెప్పింది: "అక్కా, బర్రె చెవుకు బిళ్ల లేదు. పండుగకని మా అత్త తీసింది."

లేచింది చూడుర్రి మరియమ్మ గొంతు, గల్లీ గల్లీ బయటికొచ్చింది. "నీ అత్త పండుగ చేసుకుంటె నా పిల్లల నోట్ల మన్నా? ఎవ్వన్ని అడిగి తీసింది? ఆ బిళ్ల నీది గాదే, నాది! నీ బర్రె ఉంటెనే నా బర్రె. నీ మొకానికి జామీను పడ్డ, నా చెయ్యి ఇరగ!" తక్కిన ముగ్గురు గూడ తలా ఒకటి అన్నరు. మా అమ్మ దేవుని అర్ర గడపల కూలవడి నెత్తి కొట్టుకుంటున్నది. నేను గడ్డిమోపు ఎనుక ఉన్న. ఆయింత అయిపోయింది, ఇగ వీళ్లు లేవరు, సామాను పంచుకొనే పోతరు అనుకున్న.

మరియమ్మ తిట్టుకుంటనే మోతీ మూతి దిక్కు చూసింది. కడుపుల గాలి బయటికి పోనీకె సత్తెమ్మ దాని నోట్ల అడ్డం కట్టె పెట్టి కడుతున్నది, కట్టె జారుతున్నది. "గట్లనా కట్టేది, నీ పాడుగాను! కొమ్ముల ఎనుకకు తియ్యి!" అని వచ్చి తాడు గుంజుకున్నది. ఒకామె నూనె అన్నది, ఒకామె తినే సోడా అన్నది. "డాక్టరమ్మ రెండూ చెప్పింది", "లేదు, నూనెనే చెప్పింది", "సోడా అన్నం తిన్న బర్రెకు, నేను మంచిగ ఇన్న", గట్ల లొల్లి. ఆఖరికి రెండూ పోసిన్రు. ముంగటి కాళ్లు ఎత్తుల ఉండాలెనని గడప రాయి మీదికి ఎక్కించిన్రు. ఇగ రుద్దాలె. ఏ దిక్కు? ఉబ్బింది కండ్ల ముంగటనే ఉన్నది గని, భయం పడ్డ మనిషికి కండ్లు పని చెయ్యవు. ఎడమన్న దాన్ని కుడి అంటున్నరు, బర్రె మొకం దిక్కు నిలవడి ఒకామె, తోక దిక్కు నిలవడి ఒకామె.

"మరియమ్మా! నువ్వే గదనే బర్రెవైనవ్! నిన్ను ఏ దిక్కు రుద్దినం?" అని సత్తెమ్మ అరిచింది.

మరియమ్మ వాకిట్ల గట్లనే మోకాళ్ల మీద వంగింది. రెండు చేతులు నేలకు ఆనిచ్చి, కండ్లు మూసుకొని, ఆ రేకుల షెడ్డును గుర్తుకు తెచ్చుకున్నది. ఎవ్వరు నవ్వలే. తర్వాత తన ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టుకున్నది. "గిక్కడ. గిక్కడ్నే కితకితలైనయి."

రుద్దిన్రు. ఇద్దరు అలిసితె ఇద్దరు. మరియమ్మ మాత్రం జరగలే. ఆమె చెయ్యి మోతీ డొక్క మీద, తిట్లు సత్తెమ్మ మీద. రెండూ ఆగలే. ఎండ కొట్టం మీదికెల్లి గోడ మీదికి పోయింది. దూరం నుంచి సదర్ డప్పులు ఇనపడుతున్నయి. ప్రతి డప్పు దెబ్బకు మోతీ ఒళ్లు జలదరిస్తున్నది. చేతులు ఖాళీగ ఉండలేక నేను నీళ్లు తెచ్చిన, ఎవ్వరు అడగలే, మళ్ల తెచ్చిన. అప్పుడు మోతీ మెడ చాపి ఒక తేపు తేపింది. పుల్లటి అన్నం వాసన గల్లీ అంత కొట్టింది. నేను అత్తరు దుకాణాల ముంగట నిలవడ్డోన్నే గని, అంత మంచి వాసన మళ్ల చూడలే. ఈ మాట పెద్దగ చేసి చెప్తలేను. దగ్గు గూడ రాలే.

మూడో రోజు సత్తెమ్మ బ్యాంకుకు పోయింది. "ఊడిపోయింది అను, నీ సొమ్మేం పోతది" అని గడప దాక ఎంబడి పడి చెప్పిన. పోంగ మరియమ్మను తోలుకొని పోయింది. బిళ్ల బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పిందంట. మేనేజరు తిట్టిండు, బీమాయనను పిలిచి కొత్త బిళ్ల ఏయించిండు, మీ గ్రూపును కొన్నాళ్లు చూసినంకనే తర్వాతి అప్పు అన్నడు. అంటె మరియమ్మ వరుస ఎనుకకు పోయింది. నిజం చెప్పింది సత్తెమ్మ, దండుగ కట్టింది మరియమ్మ. బ్యాంకు మెట్లు దిగంగ ఒక్క మాట మాట్లాడలేదంట. ఆ తర్వాత గూడ గ్రూపుల పక్కపక్కన్నే కూసునేది, మొకం మాత్రం గోడ దిక్కు.

అదే వారం సత్తెమ్మ హోటలుకు నాతోని వచ్చింది. "సేటూ, పాల పైసలు ఇగ నాకే ఇయ్యాలె. కిస్తు నాది" అన్నది. సేటు అలవాటు ప్రకారం గోడ దిక్కు తిరిగి, గల్లా మీద పైసలు పెట్టి, "లేలో అమ్మా" అన్నడు. ఆమె కొంగున కట్టుకున్నది. ఆ శుక్రవారం నుంచి నా సినిమాలు బందైనయి. నేనే తెలివి తెచ్చుకొని పైసలు ఆమెకు అప్పజెప్పిన్నని చాన ఏండ్లు చెప్పుకున్న.

మరియమ్మకు బర్రె తర్వాతి ఎండాకాలం ఆఖరుకు వచ్చింది. అది ఈనినప్పుడు ఒక గిన్నెల జున్ను వచ్చింది మా ఇంటికి. తెచ్చింది మరియమ్మ పెద్దబిడ్డ. "గిది సత్తెమ్మకు గాదంట. మీ ముసలమ్మకంట. మా అమ్మ చెప్పమన్నది" అన్నది. మా అమ్మ ఆ జున్నును ముందుగాల దేవుని అర్రల, పాత బిళ్ల ముంగట పెట్టింది. తర్వాత సత్తెమ్మకు సగం పెట్టింది. మరియమ్మ మళ్ల మాట్లాడింది గని, జున్ను అయినంక చాన రోజులకు.

స్వప్న తోముడు ఆపి ఇన్నది. ఫోను రెండు మార్లు మోగితె ఎత్తలే. "అప్పుడు మంచిగుండె మామా" అన్నది. అవునందామని నోరు తెరిచిన. అప్పటిదంత బంగారం, ఇప్పటిదంత ఇత్తడి అనుడు మా వయసోళ్లకు అలవాటు. కాని ఆ దినం గడ్డిమోపు ఎనుక నుంచి నేను చూసింది బంగారం గాదు. అప్పుడు గూడ ఒకరి మెడకు ఒకరి తాడే. మరియమ్మ తిట్లల్ల ఒక్కటి ఉత్తది లేకుండె. కాకపోతె తిట్టినోళ్ల చేతులకు ఏ దిక్కు రుద్దాల్నో నేర్పినోళ్లుండె. స్వప్నోళ్లకు నేర్పింది ఏందని అడిగిన. ఓ పూట పిలిచిన్రంట, సంతకాలు తీసుకున్రంట, ఫొటో తీసిన్రంట. "ఆ జాకిట్ల పిల్లకు ఏమైందే?" అని అడిగిన. "ఏమో మామా. మిషను ఖరాబైందని ఒకామె అన్నది. ఎవ్వరం పోయి చూడలే" అన్నది.

సత్తెమ్మ బయటికొచ్చి బిళ్లను తీసుకొని, తుడిచి, కుంకుమ పెట్టి, మళ్ల దేవుని అర్రల పెట్టింది. కోడలుతోని ఏమనలే. ఎవ్వరికి ఏం చెప్పాల్నో చెప్పవద్దో ఆమెకు నాకంటె మంచిగ ఎర్క.

పదకొండు గావస్తుంటె స్వప్న చేతులు కడుక్కొని పోయింది. పోతు పోతు మా సత్తెమ్మ పాత కుట్టుమిషను డబ్బాలకెల్లి నూనెసీసా, స్క్రూడ్రైవరు తీసి సంచిల ఏసుకున్నట్టు నాకు అనిపించింది. మళ్ల ఆలోచిస్తె, ఫోను ఛార్జరే కావచ్చు. నాకు పెద్దగ చేసి చూసే అలవాటున్నది. ఇప్పుడు ఎండ గోడ మీదికి పోయింది. ఎనుక గల్లీల ఆడోళ్ల గొంతులు ఇనపడుతున్నయి. అవి తిట్లో, ఇంకేమో, ఇక్కడికి తెలుస్తలేదు. సత్తెమ్మ గడపల నిలవడి ఆ దిక్కే చెవు పెట్టింది. నేను అడిగిన, "ఏమంటున్రే?" ఆమె దగ్గలే. చెయ్యెత్తి నన్ను ఊకోమన్నది.